తూటాలో పోసే మందు: కొరత టైంలో ఏది తీసుకోవాలి? తెనాలిలో రూల్ ఏంటి, టెక్సాస్‌లో రూల్ ఏంటి?

తుపాకీ మందు.. ఈ మాట వినగానే మనకి గుర్తొచ్చేది దీపావళి టపాసులు, లేదంటే సినిమాల్లో పేలే పీపాలు. కానీ అమెరికాలో వేటకి వెళ్లే వాళ్లకి ఇది డబ్బాల్లో దొరికే మామూలు షాపు సరుకు. ఖాళీ తూటా తొడుగులో కొత్త ప్రైమర్ పెట్టి, కొలిచి మందు పోసి, పైన గుండు బిగించి తమ తూటా తామే తయారు చేసుకుంటారు. దాన్ని హ్యాండ్ లోడింగ్ అంటారు, రీలోడింగ్ అని కూడా అంటారు. అక్కడ స్థిరపడిన మన తెనాలి, బాపట్ల, రేపల్లె వాళ్లు కూడా ఈ సరదాలోకి దిగొచ్చు, అందులో తప్పేం లేదు. చిక్కల్లా 2020 నుంచి ఈ మందు అడిగినప్పుడు దొరకట్లేదు. ఓ బ్రాండ్ ఉంటే ఇంకోటి ఉండదు. ఉన్నదానితో సర్దుకోవచ్చా అన్నది అక్కడి ప్రశ్న.

ఇక్కడ ఊళ్లో ప్రశ్న వేరే ఉంటుంది. తాతల నాటి లైసెన్స్ తుపాకీ బీరువాలో ఉంది, తూటాలు కావాల్సినప్పుడు దొరకవు, యూట్యూబ్‌లో చూస్తే అమెరికా వాడు టేబుల్ మీద పెట్టుకుని పదినిమిషాల్లో చేసేస్తున్నాడు. మనం చేసుకుంటే ఏంటి?

రెండు ప్రశ్నలకీ జవాబులు పూర్తిగా వేరు. ముందు ఊరి సంగతి చూద్దాం, ఎందుకంటే ఇక్కడ తప్పు చేస్తే పడే శిక్ష చాలా పెద్దది.

ఇంట్లో తూటా కడితే ఏమవుతుంది?

1959 ఆయుధ చట్టంలో ఐదో సెక్షన్ ప్రకారం తుపాకీ గానీ తూటా గానీ తయారు చేయాలంటే దానికి ప్రత్యేకంగా తయారీ లైసెన్స్ ఉండాలి. మీ దగ్గరున్నది తుపాకీ పెట్టుకునే లైసెన్స్. దానితో డీలర్ దగ్గర తూటాలు కొనుక్కోవచ్చు, అది కూడా లైసెన్స్ మీద రాసిన లెక్క వరకే. తయారు చేసుకోవడానికి అది పనికిరాదు.

చాలామంది పొరబడేది ఇంకో చోట. "నేను తూటా చెయ్యలేదు, ఊరికే మందు తెచ్చి పెట్టుకున్నా, ఓ చిన్న ప్రెస్ కొన్నా" అంటారు. అదే చట్టం రెండో సెక్షన్‌లో 'అమ్యూనిషన్' అంటే ఏంటో రాసి ఉంది. తయారైన తూటా ఒక్కటే కాదు.. తుపాకీలో వేసే మందు మోతాదు, తూటా విడిభాగాలు, తూటా తయారు చేసే యంత్రాలు కూడా ఆ నిర్వచనంలోకే వస్తాయి. అంటే రీలోడింగ్ ప్రెస్ ఆన్‌లైన్‌లో విదేశాల నుంచి తెప్పించుకుంటే, మందు గింజ లేకపోయినా, కేసు పెట్టడానికి అది చాలు.

శిక్ష విషయానికొస్తే 2019లో చట్టం సవరించారు. లైసెన్స్ లేకుండా తయారీ చేస్తే కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా జీవిత ఖైదు. అంతకు ముందు కనీసం మూడేళ్లు ఉండేది. అదే సవరణలో ఒక మనిషి దగ్గర ఉండాల్సిన తుపాకీలు మూడు నుంచి రెండుకి తగ్గాయి, లైసెన్స్ గడువు మాత్రం మూడేళ్ల నుంచి ఐదేళ్లకి పెరిగింది.

ఓ చిన్న మాట. బాపట్ల జిల్లా 2022 ఏప్రిల్ 4న కొత్తగా ఏర్పడింది. రేపల్లె అందులోకి వెళ్లింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. పాత గుంటూరు కలెక్టరేట్ ఇచ్చిన లైసెన్స్ చేతిలో ఉన్న రేపల్లె, బాపట్ల వాళ్లు రెన్యువల్ తేదీ దగ్గర పడకముందే తమ ఫైల్ ఏ కలెక్టరేట్‌లో ఉందో కనుక్కోవడం మంచిది. గడువు దాటిన లైసెన్స్‌తో తూటా కొనడం కుదరదు, ఇంట్లో తుపాకీ ఉంచుకోవడం కూడా నేరమే అవుతుంది. ఎన్నికలు వచ్చినప్పుడు స్టేషన్‌లో డిపాజిట్ చేసిన తుపాకీ తిరిగి తెచ్చుకునేటప్పుడు కూడా ఆ తేదీ ఓసారి చూసుకోండి.

వేట సంగతి అసలు అడగకండి

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దేశంలో సరదా వేట ముగిసిపోయింది. తొమ్మిదో సెక్షన్ వేటని నిషేధిస్తుంది. అడవి పంది చేలో పడి తొక్కేస్తున్నా సరే, మన చేను కదా అని తుపాకీ తీయడానికి లేదు. పదకొండో సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్, లేదా ఆయన అధికారం ఇచ్చిన అధికారి, పంటకి నష్టం చేస్తున్న జంతువు విషయంలో రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు. 2022 సవరణ తర్వాత అడవి పంది రెండో షెడ్యూల్‌లో ఉంది.

కొన్ని రాష్ట్రాల్లో కేంద్రమే కొంతకాలానికి కొన్ని జంతువుల్ని హానికర జంతువులుగా ప్రకటించింది. 2015 చివర్లో బీహార్‌లో నీల్గాయ్‌లు, అడవి పందుల విషయంలో అలాగే జరిగింది. ఆ తర్వాత 2016లో మొకామా ప్రాంతంలో నీల్గాయ్‌లని కాల్చడానికి హైదరాబాద్ నుంచి షూటర్లు వెళ్లారు. దేశమంతా చర్చ జరిగింది. అది ప్రభుత్వం పిలిపించి చేయించిన పని, ఎవరికి వాళ్లు తుపాకీ పట్టుకుని బయల్దేరింది కాదు.

పందుల కోసం మేతలో పెట్టే నాటు బాంబుల గురించి కూడా చెప్పాలి. పేలుడు మందుని పండులోనో, పిండిలోనో చుట్టి గట్టు మీద పెడితే దాన్ని కొరికేది పందే అని గ్యారంటీ ఏముంది? గేదె కొరకొచ్చు, కుక్క కొరకొచ్చు, బంతి అనుకుని పిల్లాడు తియ్యొచ్చు. 2020లో కేరళ పాలక్కాడ్ జిల్లాలో గర్భంతో ఉన్న ఏనుగు ఇలాంటి ఉచ్చుకే చనిపోయింది. పందుల బెడదకి వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పేవి వేరే ఉన్నాయి.. చేను చుట్టూ నాలుగు వరసల ఆముదం వేయడం, సోలార్ ఫెన్సింగ్ లాంటివి. బాపట్లలో వ్యవసాయ కాలేజీ 1945 నుంచి ఉంది, వెళ్లి అడిగితే చెప్పేవాళ్లు దొరుకుతారు.

రైతు తన చేత్తో మందు దట్టించే తుపాకీ ఒకటుంది

అలాగని మన చట్టంలో మందు దట్టించడమనేదే లేదా అంటే.. ఉంది. పదమూడో సెక్షన్‌లోనే పంట కాపలా కోసం 'మజిల్ లోడింగ్ గన్' లైసెన్స్ ప్రస్తావన ఉంది. మూతిలోంచి మందు పోసి, గజంతో దట్టించి, రవ్వలు వేసి పేల్చే పాతకాలం తుపాకీ. లైసెన్స్ ఉన్న మజిల్ లోడర్ వేరు, లైసెన్స్ లేకుండా గొట్టం వెల్డింగ్ చేయించిన నాటు తుపాకీ వేరు. చూడ్డానికి ఒకేలా ఉండొచ్చు, చట్టం దృష్టిలో ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా.

ఈ తుపాకీలో పోసేది పాత రకం మందు. ఇంగ్లీషులో బ్లాక్ పౌడర్. మన భాషలో నల్లమందు అంటే అర్థం మారిపోతుంది కాబట్టి బ్లాక్ పౌడర్ అనే అందాం. సూరేకారం, గంధకం, బొగ్గు.. ఈ మూడింటితో ప్రపంచమంతా వందల ఏళ్లు యుద్ధాలు చేసింది. మన తీరానికి ఇది కొత్త కాదు. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడ 'గ్లోబ్' వచ్చి ఆగింది రేపల్లె పక్కనున్న నిజాంపట్నంలోనే, అప్పటి విదేశీయుల రాతల్లో దాని పేరు పెటపోలి. కాస్త దక్షిణాన పులికాట్‌లో డచ్చివాళ్లు కోట కట్టి, అక్కడే తుపాకీ మందు తయారీ కూడా నడిపించారు.

చరిత్ర సరే, ప్రాణం మీదకొచ్చే పాయింట్ ఇది. బ్లాక్ పౌడర్ దొరకట్లేదని మజిల్ లోడర్‌లో వేరే మందు పొయ్యకూడదు. రైఫిల్ తూటా విప్పి అందులోని పొగలేని మందు పోస్తే గొట్టం చీలిపోతుంది. రెండూ తుపాకీ మందే కదా అనిపిస్తుంది, కానీ అదే కొలతలో పోసినప్పుడు పొగలేని మందు పుట్టించే ఒత్తిడి ఆ పాత గొట్టం తట్టుకునేది కాదు. టపాసుల్లో మెరుపు కోసం వాడే అల్యూమినియం మందు ఇంకా ప్రమాదం. అది గుండుని తోయదు, ఒక్కసారిగా బద్దలవుతుంది. పోయేది చెయ్యి, కన్ను. కొరత ఉంటే తుపాకీ గోడకి వేలాడేసి ఊరుకోవడమే. ఇంతకంటే వేరే సలహా మేం ఇవ్వలేం. బ్లాక్ పౌడర్ కొనడానికి కూడా లైసెన్స్ ఉన్న అమ్మకందారు దగ్గరికే వెళ్లాలి, ఇంట్లో కలపడం పేలుడు పదార్థాల చట్టాల కింద విడిగా ఇంకో నేరం.

పొగలేని మందులో మన పత్తి

ఇప్పటి రైఫిళ్లలో వాడేది పొగలేని మందు. 1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియే అనే కెమిస్ట్ దీన్ని తయారు చేశాడు. అయిదేళ్లకి, అంటే 1889లో, బ్రిటిష్ వాళ్లు కార్డైట్ తెచ్చారు. దారాల్లాగా ఉంటుంది కాబట్టి ఆ పేరు. మన దగ్గర నీలగిరుల్లోని అరువంకాడులో 1904లో కార్డైట్ ఫ్యాక్టరీ మొదలైంది, ఇప్పటికీ ఉంది. 2021 అక్టోబర్‌లో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డుని ఏడు కంపెనీలుగా విడగొట్టినప్పుడు అరువంకాడు, తూటాలు చేసే పుణె దగ్గరి ఖడ్కీ ఫ్యాక్టరీ.. రెండూ మ్యూనిషన్స్ ఇండియా లిమిటెడ్ కిందికి వచ్చాయి. ట్వెల్వ్ బోర్ తూటా డబ్బా మీద 'శక్తిమాన్' అని చూసుంటారు కదా, అది ఖడ్కీ సరుకే.

ఈ మందుకి ప్రాణం నైట్రోసెల్యులోజ్. దానికి ముడిసరుకు ఏంటో తెలుసా? పత్తి. జిన్నింగ్ మిల్లులో దూది తీసేశాక గింజకి అంటుకుని ఉండే పొట్టి నూగు ఉంటుంది చూడండి, గుంటూరు, పల్నాడు మిల్లుల వాళ్లు 'లింటర్' అంటారు. అదే. గింజ నూనె మిల్లుకి వెళ్లే ముందు ఆ నూగుని గీకి బేళ్లు కడతారు. కాగితానికి, సినిమా రీలుకి, గోళ్ల రంగుకి, తుపాకీ మందుకి.. అన్నిటికీ అందులోని సెల్యులోజ్ పనికొస్తుంది. చెక్క గుజ్జుతో కూడా చేస్తారు గానీ లింటర్‌కి గిరాకీ తగ్గలేదు.

నైట్రోసెల్యులోజ్ ఒక్కటే ఉంటే సింగిల్ బేస్, నైట్రోగ్లిజరిన్ కూడా కలిపితే డబుల్ బేస్ అంటారు. ఆకారాన్ని బట్టి చూస్తే పుల్లల్లాంటివి, గుండ్రటి గింజల్లాంటివి, చిన్న రేకుల్లాంటివి. ఆకారం, సైజు, పైపూత.. వీటిని మార్చి మందు ఎంత త్వరగా కాలాలో కంపెనీ నిర్ణయిస్తుంది. పిస్టల్‌కి, షాట్‌గన్‌కి గబగబా కాలేది కావాలి. రైఫిల్‌కి నిదానంగా కాలేది కావాలి. రైఫిల్ తూటాలో పిస్టల్ మందు పోస్తే ఒత్తిడి ఒక్కసారిగా ఎగబాకి తుపాకీ ముక్కలవుతుంది. కంటికి చూస్తే రెండూ బూడిద రంగు గింజలే! అందుకే లేబుల్ పోయిన డబ్బాలో ఏముందో చూసి చెప్పడం ఎవరివల్లా కాదు, ముప్ఫై ఏళ్ల అనుభవం ఉన్నోడి వల్ల కూడా.

మరి కొరత ఎందుకొచ్చింది?

2020లో కరోనా, ఎన్నికలు, అల్లర్లు.. అమెరికాలో తుపాకీలు ఎగబడి కొన్నారు. తూటాలు అయిపోయాయి, తూటాలు దొరక్క రీలోడింగ్‌కి దిగినవాళ్లతో ప్రైమర్లు, మందు కూడా అయిపోయాయి. అది సర్దుకుంటోంది అనుకునేలోపు 2022లో ఉక్రెయిన్ యుద్ధం. ఫిరంగి గుండుని తోసేది కూడా నైట్రోసెల్యులోజ్ మందే. ఒక్క ఫిరంగి దెబ్బకి పట్టే మందు కిలోల్లో ఉంటుంది, వేటగాడి రైఫిల్‌కి పట్టేది మూడు గ్రాములు. ఫ్యాక్టరీ ఎవరి ఆర్డర్ ముందు చూస్తుందో వేరే చెప్పాలా? యూరప్ ఫ్యాక్టరీలు లింటర్ కోసం ఎక్కువగా చైనా మీద ఆధారపడటం ఇంకో చిక్కు. 2024 మొదట్లో అమెరికాలో పేరున్న అలయంట్ బ్రాండ్ రీలోడింగ్ మందు షాపులకి పంపడమే ఆపేసింది.

ఇంకో విషయం గమనించాలి. డబ్బా మీద కంపెనీ పేరు వేరు, మందు తయారయ్యే చోటు వేరు. హాడ్జ్‌డన్ కంపెనీ అమ్మే వార్‌గెట్, హెచ్ 4350 వస్తున్నది ఆస్ట్రేలియాలోని ముల్వాలా నుంచి. ఐఎంఆర్ పేరుతో వచ్చే మందు చాలావరకు కెనడాలోని వాలీఫీల్డ్ నుంచి. గుండ్రటి గింజల మందు చాలావరకు ఫ్లోరిడాలోని సెయింట్ మార్క్స్ నుంచి. ఓడ ఆలస్యమైతే ఒక రకం మాయమవుతుంది, ఇంకో రకం షెల్ఫులో ఉంటుంది. కొరత టైంలో ప్రత్యామ్నాయం వెతికే వాళ్లకి ఇది పనికొచ్చే సంగతి.

కొరత కొత్తదేం కాదనుకోండి. అసలు హాడ్జ్‌డన్ వ్యాపారం పుట్టిందే రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సైన్యం వదిలించుకున్న మిగులు మందుతో. 4895 అనేది రైఫిల్ మందు, 4831 అనేది 20 మిల్లీమీటర్ల ఫిరంగుల మందు. వాటిని చవగ్గా కొని వేటగాళ్లకి అమ్మాడు బ్రూస్ హాడ్జ్‌డన్.

డబ్బా మార్చాల్సి వస్తే..

ఇక్కడి నుంచి చెప్పేది హ్యాండ్ లోడింగ్ చట్టబద్ధమైన చోట, అంటే అమెరికాలో ఉన్నవాళ్ల కోసం.

మీరు రోజూ వాడే మందు లేదు. షాపువాడు ఇంకోటి చూపించాడు. ముందు చేయాల్సింది ఫోన్ తీసి ఆ మందు కంపెనీ వెబ్‌సైట్‌లో, లేదా గుండు కంపెనీ మాన్యువల్‌లో, మీ తూటాకి, మీ గుండు బరువుకి ఆ మందుతో లెక్క ఉందో లేదో చూడటం. ఉంటే కొనండి. లేకపోతే ఎంత చవగ్గా ఇచ్చినా వదిలేయండి. ఎవరో గ్రూపులో "నేను ఇంత పోస్తున్నా, బానే ఉంది" అన్నది లెక్క కాదు. వాడి తుపాకీ వేరు, మీది వేరు.

బర్న్ రేట్ చార్ట్ అని ఒకటి తిరుగుతూ ఉంటుంది. త్వరగా కాలే మందు పైన, నిదానంగా కాలేది కింద, వరసగా పేర్లు. పక్కపక్కనే ఉన్నాయి కదా, ఒకదాని బదులు ఇంకోటి అదే కొలతలో పోసేద్దాం అనుకుంటారు. అది పరీక్షలో ర్యాంకుల లిస్టు లాంటిది. పదో ర్యాంకుకీ పదకొండో ర్యాంకుకీ మధ్య ఒక మార్కు తేడా ఉండొచ్చు, ఇరవై మార్కులూ ఉండొచ్చు. లిస్టు చూస్తే తెలీదు. ఏ రకం మందు వెతకాలో ఐడియా కోసం చార్ట్ చూడండి, కొలత మాత్రం మాన్యువల్లోనే చూడాలి.

పేర్ల దగ్గర ఇంకా జాగ్రత్త. హెచ్ 4350, ఐఎంఆర్ 4350, అక్యురేట్ 4350.. అంకె ఒకటే, మందులు మూడు. ఒకదాని లెక్క ఇంకోదానికి వాడకూడదు. హెచ్ 4831కీ, ఐఎంఆర్ 4831కీ కూడా అంతే. తమాషా ఏంటంటే దీనికి ఉల్టా కూడా ఉంది. హెచ్ 110, వించెస్టర్ 296.. పేర్లు వేరు, లోపల మందు ఒకటే అని కంపెనీయే చెబుతోంది. కొరత టైంలో ఒకటి లేకపోయినా రెండోది దొరకొచ్చు. ఈ మందు విషయంలో ఇంకో మెలిక.. మామూలుగా కొత్త మందు మొదలుపెట్టేటప్పుడు గరిష్ఠ కొలత కంటే పది శాతం తక్కువతో మొదలుపెట్టమంటారు. హెచ్ 110, 296 మాత్రం మూడు శాతం కంటే తగ్గించొద్దు అంటారు. తక్కువ పోస్తే సేఫ్ అనుకోవడం అన్నిచోట్లా నిజం కాదన్నమాట.

ఏ తూటాకి వెతుకులాట సులువు? పాయింట్ 308 వించెస్టర్, పాయింట్ 30-06 లాంటి పాత, అందరూ వాడే తూటాలకి మాన్యువల్స్‌లో పది పన్నెండు మందుల లెక్కలు దొరుకుతాయి. వార్‌గెట్ లేకపోతే ఐఎంఆర్ 4064, అదీ లేకపోతే హెచ్ 4895, ఇంకా కిందికి వెళ్లొచ్చు. 6.5 క్రీడ్‌మూర్ వాళ్లందరూ హెచ్ 4350 కోసమే పడి చచ్చేవాళ్లు, అందుకే అది ముందు మాయమయ్యేది. కొత్తగా రైఫిల్ కొనేవాళ్లకి మా సలహా ఏంటంటే.. ఫ్యాషన్ తూటా జోలికి పోకుండా నాలుగు రకాల మందుతో నడిచే పాత తూటా తీసుకోండి. మహా అయితే స్నేహితుల దగ్గర గొప్ప తగ్గుతుంది.

వేడి సంగతి మనవాళ్లకి చెప్పక్కర్లేదు. కానీ మందుకి కూడా ఎండదెబ్బ ఉంటుంది. చలికాలంలో గరిష్ఠం దాకా పోసి బానే ఉంది అనుకున్న తూటా, ఆగస్టులో టెక్సాస్ ఎండలో కారు డాష్‌బోర్డు మీద కాగితే ఒత్తిడి పెరుగుతుంది. కొన్ని మందుల్ని వేడికి పెద్దగా మారకుండా తయారు చేస్తారు, వార్‌గెట్, హెచ్ 4350 ఆ కోవలోవి. గుండ్రటి గింజల మందుల్లో చాలావాటికి ఈ మార్పు ఎక్కువ. ప్రత్యామ్నాయంగా అలాంటిది తీసుకుంటే కొలతలో కాస్త కిందే ఆగండి.

కొత్త డబ్బా, పాత డబ్బా ఒకే పేరువైనా సరే, లాట్ నంబర్ మారితే మళ్లీ కింది నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. రెండు డబ్బాల్లో అడుగున మిగిలినవి కలిపెయ్యకూడదు. టేబుల్ మీద ఒక్కసారికి ఒక్కటే మందు డబ్బా ఉండాలి. తూటా పేల్చాక బోల్ట్ ఎత్తడం బరువైందంటే, ప్రైమర్ నలిగి చదునైందంటే ఆపేయండి. నిజానికి ఆ గుర్తులు కనపడేసరికే హద్దు దాటి ఉంటారు.

గరాజ్ సేల్‌లో, చనిపోయిన ముసలాయన సామాన్లలో సీల్ విప్పిన డబ్బాలు చవగ్గా వస్తుంటాయి. వద్దు. మందు పాడైతే ఘాటైన పులుపు వాసన వస్తుంది, మూత తీస్తే ఎర్రటి పొగో, తుప్పు లాంటి ఎర్ర పొడో కనిపిస్తుంది. కానీ వాసన బాగున్నంత మాత్రాన లోపలున్నది లేబుల్ మీద రాసిందే అని ఏం నమ్మకం?

ఎంత కొనాలి?

మందుని గ్రెయిన్లలో కొలుస్తారు. ఒక గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు.. మన గురివింద గింజ ఎత్తులో దాదాపు సగం. పౌండుకి 7000 గ్రెయిన్లు. తూటాకి 45 గ్రెయిన్లు పడుతుందనుకుంటే ఒక పౌండు డబ్బాతో 155 తూటాలు. సీజన్‌లో రెండు మూడు జింకలు కొట్టే వేటగాడికి, గురి సరిచూసుకోవడంతో కలిపి, ఏడాదికి అది ఎక్కువే. అంటే కొరత అనగానే ఎనిమిది పౌండ్ల జాడీలు నాలుగు కొని దాచేవాళ్లే కొరతని ఇంకా పెంచుతున్నారు. కరోనాలో శానిటైజర్లు దాచినట్టే ఇది కూడా.

ఆన్‌లైన్‌లో తెప్పిస్తే డబ్బా ధర మీద ప్రమాదకర సరుకు రవాణా ఫీజు విడిగా వేస్తారు. ఒక్క డబ్బాకి ఆ ఫీజు కడితే గిట్టదు, అందుకే ఇద్దరు ముగ్గురు ఒకే ఆర్డర్‌లో కలిపి పెడుతుంటారు. అలా చేసే ముందు కింద వీసా సంగతి చదవండి. ఇంట్లో పెట్టుకోవడానికి కూడా లెక్కుంది. అక్కడి అగ్నిమాపక ప్రమాణం ప్రకారం ఇంట్లో 20 పౌండ్ల వరకు అసలు డబ్బాల్లోనే ఉంచుకోవచ్చు, దాటితే అంగుళం మందం ఉన్న చెక్క పెట్టె కావాలి. అపార్ట్‌మెంట్ లీజులో అసలు వద్దని రాసి ఉండొచ్చు, అదొకసారి చూసుకోండి. గ్యాస్ హీటర్ ఉన్న గదిలో మాత్రం పెట్టొద్దు.

హెచ్-1బీ వాళ్లూ, ఇది మీకోసమే

చాలామందికి తెలీని పాయింట్ ఇదే. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ అమ్యూనిషన్ గానీ దగ్గర పెట్టుకోకూడదు. దీనికి ఉన్న మినహాయింపుల్లో మనవాళ్లకి పనికొచ్చేది ఒకటి.. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకి ఈ నిషేధం వర్తించదు.

అక్కడ కూడా 'అమ్యూనిషన్' నిర్వచనం మన చట్టం లాగే ఉంది. తయారైన తూటా ఒక్కటే కాదు. ఖాళీ కేసులు, ప్రైమర్లు, గుండ్లు, మందు.. అన్నీ అమ్యూనిషనే. టెక్సాస్ హంటింగ్ లైసెన్స్ ఆగస్టు 31తో ముగుస్తుంది. సెప్టెంబర్ 1న కొత్తది తీసుకోకపోతే, గరాజ్‌లో ఉన్న మందు డబ్బా ఒక్కటే చాలు ఫెడరల్ నేరానికి. తుపాకీ స్నేహితుడి ఇంట్లో ఉందన్నా లాభం లేదు.

ఇంకో ఉచ్చు ఉంది. టెక్సాస్‌లో 2019 సెప్టెంబర్ నుంచి ప్రైవేటు భూమిలో యజమాని అనుమతితో అడవి పందుల్ని కొట్టడానికి హంటింగ్ లైసెన్స్ అవసరం లేదు. "లైసెన్స్ అక్కర్లేదంట, పందుల వేటకి పోదాం పద" అని పిలుస్తారు. పుట్టు అమెరికా వాడికి అక్కర్లేదు. వీసా మీద ఉన్న మనవాడికి మాత్రం వేటకి కాకపోయినా, చేతిలో రైఫిల్ పట్టుకోవడానికి ఆ లైసెన్స్ కావాలి. రాష్ట్రం రూల్ వేరు, ఫెడరల్ రూల్ వేరు. తుపాకీ నేరంలో శిక్ష పడితే జైలుతో పోదు, దేశం నుంచి పంపేయడానికి కూడా అది కారణమవుతుంది.

సొంతానికి తూటాలు చేసుకోవడానికి అక్కడ ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు. చేసి అమ్మితే మాత్రం తయారీదారు లైసెన్స్ కావాలి. వారాంతంలో తోటి తెలుగువాళ్లకి డబ్బుకి చేసి ఇచ్చే ఆలోచన ఉంటే మానుకోండి.

సూట్‌కేస్ దులిపి సర్దండి

రీలోడింగ్ చేసేవాళ్లు, రేంజ్‌కి వెళ్లేవాళ్లు అదే బ్యాగుతో ఇండియా బయల్దేరితే ఇబ్బంది. పక్క జేబులో మర్చిపోయిన ఒక్క తూటా గన్నవరంలోనో, శంషాబాద్‌లోనో స్కానర్‌లో పడితే ఆయుధ చట్టం కింద కేసు అవుతుంది. తెలిసి పెట్టుకున్నది కాదని రుజువైతే కోర్టులు కేసులు కొట్టేసిన సందర్భాలు ఉన్నాయి, కానీ అప్పటిదాకా లాయరు చుట్టూ, వాయిదాల చుట్టూ తిరగాలి. సెలవులు మూడు వారాలే కదా! ఇక మందు అయితే చేతి సంచీలోనే కాదు, చెక్ ఇన్ లగేజీలో కూడా విమానం ఎక్కనివ్వరు. "ఇక్కడ దొరకట్లేదు, వచ్చేటప్పుడు ఓ డబ్బా పట్రా" అని ఊళ్లో బాబాయ్ ఎవరైనా అడిగితే, కుదరదు బాబాయ్ అని ఫోన్‌లోనే చెప్పేయండి.